పైన ఇసుక కుప్ప, కింద ఖాళీ బాయి

నైట్ షిఫ్టు దిగి, నడుం పట్టుకుని వచ్చిన మనిషి మా బొగ్గుగనుల ఊరు గోదావరిఖని చౌరస్తాలో మందుల షాపు ముందు నిలబడితే కౌంటర్ వెనకాల పిల్లగాడు రెండో మాట అడగడు. కాల్షియం గోలీల షీటు ఒకటి, నొప్పి గోలీలు నాలుగు కవర్లో వేసి చేతికిస్తాడు. "బొక్కల్ల సున్నం తగ్గింది కాకా, నెల దినాలు ఏసుకో." కాక తలూపి ఇంటికి పోతాడు. మా ఇంట్లోనూ ఏళ్ల తరబడి ఇదే నడిచింది. బియ్యం డబ్బా పక్కన చిన్న స్టీలు గిన్నెలో ఆ గోలీలు ఎప్పుడూ ఉండేవి. బాపు డ్యూటీకి పోయేముందు ఒకటి, అవ్వ అన్నం తిన్నాక ఒకటి. గిన్నె ఏనాడూ ఖాళీ కాలేదు. ఇద్దరి నడుములూ వంగిపోయాయి.

ఎముక అంటే సున్నం, నొప్పి అంటే సున్నం తక్కువ కావడం, మందు అంటే సున్నం గోలీ. ఈ మూడు ముక్కలతోనే మన ఊళ్లో ఎముకల వైద్యం మొదలై అక్కడే ముగుస్తోంది. గోలీతో తగ్గకపోతే నాలుగో ముక్క ఎలాగూ ఉంది: "వయసు మీదపడ్డది, అరుగుతయ్ మరి." చదువుకున్నవాళ్లూ, యూనియన్ నాయకులూ, టీవీలో పాలపొడి ప్రకటనలూ అందరిదీ ఇదే మాట. ఈ మాట తప్పని నేనంటున్నాను. సైన్సు వివరంలో జరిగిన చిన్న పొరపాటుగా దీన్ని వదిలేయలేను. ఈ మాటను నమ్మినంతకాలం ఎముక పాడైన ప్రతిసారీ నేరం మనిషి తినే కంచం మీదకో, పుట్టిన సంవత్సరం మీదకో పోతుంది. అతను పీల్చిన దుమ్ము, కాల్చిన బీడీ, నిద్రలేని రాత్రులు, ఎవరో పొడిచిన సూది ఇవేవీ విచారణకు రావు.

ఎముక సున్నపు కర్ర కాదు. లోపల పని ఎన్నడూ ఆగని బాయి అది. బొగ్గుబాయి తెలిసిన ఊరికి ఈ సంగతి చెప్పడం తేలిక, అందుకే మన మాటల్లోనే చెప్తాను. మన ఇంక్లైన్లలో గ్యాలరీలు కొట్టుకుంటూ పోయి మధ్యమధ్య పిల్లర్లు వదులుతారు. తర్వాత ఆ పిల్లర్లనూ తీసే డీపిల్లరింగ్‌కు వచ్చినప్పుడు, పై భూమి కూలకూడదు అనుకున్న చోట, బొగ్గు తీసిన ఖాళీని గోదావరి ఇసుకతో నింపుతారు. ఇసుకను నీళ్లలో కలిపి పైపుల గుండా కిందికి దింపే ఆ స్టోయింగ్ పని మన తండ్రులు చేసినదే. తీసుడూ నింపుడూ కాడికి కట్టిన జోడెడ్లలా నడవాలి. తీసుడు ముందుకురికి నింపుడు వెనకబడితే రూఫ్ ఆగదు.

మన ఒంట్లో సరిగ్గా ఇదే జరుగుతోంది. ఆస్టియోక్లాస్ట్ అనే కణాల ముఠా పాతబడ్డ ఎముకను మూడు వారాల్లో తవ్వి తీసేస్తుంది. వెనకాలే ఆస్టియోబ్లాస్ట్ కణాలు దిగి కొత్త ఎముకను పోస్తాయి. వాటికి మూడు నాలుగు నెలలు పడుతుంది. తవ్వకం వేగం, నింపకం నిదానం. పెద్దవాళ్లలో ఏటా దాదాపు 10 శాతం ఎముక ఇలా మారిపోతూ ఉంటుంది. ఇక ఎముక లోపల, రాయిలాంటి గూళ్లలో కూచుని సన్నటి పోగులతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేవి ఆస్టియోసైట్లు. ఎముక కణాల్లో నూటికి 90కి పైగా ఇవే. మైనింగ్ సర్దార్ కర్రతో రూఫ్ తట్టి, డొల్ల చప్పుడు వచ్చిన చోట మనుషులను ఆపి దిమ్మె పెట్టించినట్టు, ఏ మూల బలహీనపడిందో, ఎక్కడ తవ్వి ఎక్కడ నింపాలో చెప్పేవి ఇవే.

ఇప్పుడు కాల్షియం ఎక్కడుందో చూడండి. అది ఇసుక. బంకర్ దగ్గర ఇసుక కుప్ప కొండంత పోసినా, కింద నింపే ముఠా పనిలో లేకపోతే బాయి ఖాళీగానే ఉంటుంది.

ఇది పోలిక కోసం చెప్పిన మాట కాదు, పెద్ద ఎత్తున పరీక్షించి తేల్చిన సంగతి. అమెరికాలో 36,282 మంది నడివయసు దాటిన ఆడవాళ్లలో ఏడేళ్లపాటు కొందరికి కాల్షియం, డి విటమిన్ కలిపిన గోలీలు, మిగతావాళ్లకు ఉత్తుత్తి గోలీలు ఇచ్చి చూశారు. 2006లో ఫలితాలు వచ్చాయి. తుంటి ఎముక విరగడంలో లెక్కకు నిలిచే తేడా కనిపించలేదు. మూత్రపిండాల్లో రాళ్లు మాత్రం గోలీలు మింగినవాళ్లలో 17 శాతం ఎక్కువయ్యాయి. 2022లో మరో పెద్ద పరీక్ష వెలువడింది. 25,871 మంది, రోజుకు 2,000 యూనిట్ల డి విటమిన్. ముందే లోపం ఉందని ఏరి తీసుకున్నవాళ్లు కాదు, మామూలుగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. అక్కడా ఎముకలు విరగడం తగ్గలేదు.

ఖనిజం ఎక్కువైతే ఎముక గట్టిపడుతుందన్న నమ్మకానికి మన తెలుగు నేల మీదే ఇంకా పెద్ద జవాబుంది. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుం వంగని, మెడ తిరగని మనుషులను పరీక్షించి, కారణం తాగేనీళ్లలోని ఫ్లోరైడ్ అని రాశారు. తర్వాత ఇదే ఫ్లోరైడ్ నల్లగొండను పీడించిన కథ మనందరికీ తెలుసు. ఫ్లోరోసిస్ వచ్చిన వెన్నెముకను ఎక్స్‌రేలో చూస్తే తెల్లగా, దట్టంగా, మామూలు ఎముకకన్నా ఎక్కువ ఖనిజంతో కనిపిస్తుంది. జబ్బు ముదిరితే ఆ మనిషి మాత్రం లేచి నిలబడలేడు. అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్లు ఇదే ఫ్లోరైడ్‌ను ఎముక బలానికి మందుగా ఇచ్చి 1990లో ఫలితం చెప్పారు: నడుం ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది, వెన్నుపూసలు విరగడం తగ్గలేదు, చేతులు కాళ్ల ఎముకలు విరగడం ఇంకా పెరిగింది. సున్నం ఎంతుందన్నది ఒక ప్రశ్న. దాన్ని పేర్చిన చేతులు ఎలా ఉన్నాయన్నది వేరే ప్రశ్న. మనం మొదటిదాన్నే అడుగుతూ కూచున్నాం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే రేపు ఎవరో డాక్టరు రాసిన గోలీని బయట పారేస్తారు. ఇసుక అక్కర్లేదని నేననడం లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో పెద్దవాళ్లకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని చెప్పింది. తెల్లన్నం, పల్చటి పప్పుతో అది అందదు. తైదంబలి, నువ్వులు, మునగాకు, పెరుగు మన ఇళ్లలో మళ్లీ కనిపించాలి. రోజంతా భూమి కింద ఉండేవాడికి ఎండ తగలదు, డి విటమిన్ చూపించుకుని తక్కువుంటే వేసుకోవాలి. ఎముకలు గుల్లబారాయని తేలినవాళ్లకు అసలు మందుతోపాటు డాక్టర్లు కాల్షియం కూడా ఇస్తారు, అదీ సరైనదే. అన్నిటికీ అదొక్కటే అనడంతోనే నాకు తగువు.

మరి నింపే ముఠా ఎందుకు పని మానేస్తుంది? దీనికీ బాయిలోనే జవాబు దొరుకుతుంది. బొగ్గు మంట పెట్టకుండానే అంటుకుంటుందని మన ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. బొగ్గు తీసేసిన ఖాళీలో, అంటే గోఫ్‌లో, మిగిలిన బొగ్గుకు గాలి తగిలి, ఆక్సిజన్‌తో మెల్లగా కలుస్తూ వేడెక్కుతుంది. మొదట గోడలకు చెమట పడుతుంది. తర్వాత సన్నటి పొగమంచులాంటిది. ఆ తర్వాత కిరోసిన్ వాసన. మంట కనిపించేసరికి చాలా ఆలస్యం అయిపోతుంది. అందుకే కార్బన్ మోనాక్సైడ్ కొలుస్తూ ఉంటారు, పెరిగితే గోడ కట్టి సీల్ చేస్తారు.

ఒంట్లో కణాలూ ఆక్సిజన్‌తోనే బతుకుతాయి. ప్రతి కణంలో ఉండే మైటోకాండ్రియా తిండిని కాల్చి శక్తి తీసేటప్పుడు కొంత ఆక్సిజన్ సగంసగం కాలి, సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి చురుకైన పదార్థాలుగా జారిపోతుంది. వాటిని చల్లార్చే ఏర్పాటూ కణంలోనే ఉంది. సూపరాక్సైడ్‌ను ఆర్పే ఎంజైమును 1969లో అమెరికాలో కనిపెట్టారు. గ్లూటాథయోన్, కెటలేజ్ పెరాక్సైడ్‌ను ఆర్పే పని చేస్తాయి. పుట్టే నిప్పుకూ ఆర్పే నీళ్లకూ తూకం కుదిరినంతసేపు ఇబ్బంది లేదు. నిప్పు పైచేయి అయితే దాన్ని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. ఆ పేరుకు 1985లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మూట్ సీస్ అర్థం చెప్పాడు.

ఈ వేడి ఎముకలో రెండు వైపులా దెబ్బ కొడుతుంది. 1990లో టెక్సాస్ శాస్త్రవేత్తలు ఆక్సిజన్ రాడికల్స్ తగిలితే ఎముకను తవ్వే ఆస్టియోక్లాస్ట్‌లు ఎక్కువవుతాయని చూపించారు. తవ్వే ముఠాకు ఊపు వచ్చింది. నింపే ముఠాకు జరిగేది ఇంకా అన్యాయం. ఆస్టియోబ్లాస్ట్ తయారు కావాలంటే కణంలో బీటా క్యాటెనిన్ అనే ప్రోటీన్ పని చేయాలి. ఆక్సీకరణ పెరిగినప్పుడు కణాన్ని కాపాడే ఫాక్సో అనే ప్రోటీన్లు రంగంలోకి దిగి, అదే బీటా క్యాటెనిన్‌ను తమ పనికి లాక్కుంటాయని 2007లో ఆర్కాన్సాస్ విశ్వవిద్యాలయంలో తేల్చారు. ఇసుక నింపే మనిషిని మంటలార్పడానికి పిలుచుకుపోయినట్టు. మంట రోజూ ఉంటే అతను నింపుడుకు మళ్లీ ఎప్పటికీ రాడు. ఈలోపు మూలుగలో ఎముక కణంగా మారాల్సిన మూలకణాలు కొవ్వు కణాలుగా మారిపోతాయి. రూఫ్ తట్టి చూసే ఆస్టియోసైట్లు గూళ్లలోనే చచ్చిపోతాయి. అదే ఆర్కాన్సాస్‌లో పనిచేసిన స్టావ్రోస్ మనోలగాస్ 2010లో ఒక పెద్ద వ్యాసం రాస్తూ, ఎముకలు గుల్లబారడానికి హార్మోన్ తగ్గడం ఒక్కటే మూలమన్న తమ పాత ఆలోచనను తామే పక్కకు జరపాలనీ, వయసుతో పెరిగే ఆక్సీకరణ ఒత్తిడిని మధ్యకు తేవాలనీ వాదించాడు.

మా అవ్వ ముట్లాగిపోయాక మూడేళ్లలో రెండు వేళ్ల ఎత్తు తగ్గిందని ఆమె జాకెట్లు కుట్టే ఆమె చెప్పింది. అవ్వ బాయి దిగలేదు, బీడీ తాగలేదు. ఆమెకెందుకు? లండన్‌లో 2003లో ఎలుకల మీద చేసిన పనిలో దీనికి జవాబు ఉంది. అండాశయాలు తీసేసిన ఎలుకల మూలుగలో గ్లూటాథయోన్, దాని తోటి రక్షకాలు పడిపోయాయి, ఎముక కరిగింది. వాటిని బయటినుంచి మళ్లీ పెంచితే కరగడం ఆగింది. ఈస్ట్రోజన్ పోతే పోయేది నిప్పునార్పే నీళ్లు కూడా. కట్టెల పొయ్యి పొగలో, మొగుడి బీడీ పొగలో, బొగ్గు దుమ్ము పడ్డ బట్టలుతుకుతూ ఆ వయసుకు చేరిన ఆడమనిషికి మిగిలేది ఎంతో ఎవరైనా ఊహించవచ్చు.

"వయసు" అనే మాటను నేను అందుకే ఒప్పుకోను. వయసు ఒక్కటే కారణం కాదు, అందులో గడచిన రోజుల లెక్క కూడా ఉంది. ఆ రోజుల్లో ఏం పీల్చాడు, ఏం మింగాడు, ఎంత నిద్రపోయాడన్నదీ కారణమే. ఒకే యేడు పుట్టిన ఇద్దరిలో ఒకడు డెబ్బైలో సైకిల్ తొక్కుతుంటే ఇంకొకడు యాభై రెండులో కర్ర పట్టుకున్నాడంటే తేడా పుట్టినరోజులో లేదు.

గాలి సంగతి చూద్దాం. దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డదని అందరూ ఒప్పుకుంటారు. ఎముక అనగానే నవ్వుతారు. వాళ్లకు మన రాష్ట్రంలోనే జరిగిన ఒక పని చూపిస్తాను. హైదరాబాద్ శివార్లలోని 28 ఊళ్లలో 3,717 మందికి డెక్సా యంత్రంతో నడుం, తుంటి ఎముకలు కొలిచి, వాళ్లుండే చోట గాలిలో సన్న ధూళిని లెక్కగట్టి, 2020లో ఫలితం ప్రచురించారు. సగటు వయసు 36 కూడా నిండలేదు, అంటే ముసలివాళ్లు కారు. గాలిలో పీఎం 2.5 అనే ఆ ధూళి ఎక్కువున్న చోట ఉండేవాళ్ల ఎముకల్లో ఖనిజం తక్కువగా ఉంది. ఆ ఊళ్లలో ఆ ధూళి ఏడాది సగటు ఘనపు మీటరుకు 32.8 మైక్రోగ్రాములు. మన దేశపు చట్టం ఒప్పుకునే హద్దు 40. చట్టం ప్రకారం సరిగానే ఉన్న గాలిలో ఎముక తగ్గుతోందన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు అప్పుడు 10, 2021 నుంచి 5. ధూళి కణం ఊపిరితిత్తుల్లో వాపు పుట్టించి, రక్తంలో ఆక్సీకరణ పెంచి, ఆ వేడి ఎముక మూలుగ దాకా పాకుతుందన్నది శాస్త్రవేత్తలు చూపే దారి. ఇది పక్కపక్కన కనిపించిన సంబంధం, ఒక్కొక్కరి విషయంలో రుజువైన నేరం కాదు, నిజమే. కానీ కాల్షియం తగ్గిందని ఏ పరీక్షా లేకుండా చెప్పేవాళ్లు ఈ పనికి వంక పెట్టే హక్కు ముందు సంపాదించుకోవాలి.

ఆ 28 ఊళ్లలో బొగ్గు ఓపెన్‌కాస్టు లేదు. మన చుట్టూ ఉంది. బ్లాస్టింగ్ అయ్యాక సాయంత్రం మేడిపల్లి ఓపెన్‌కాస్టు వైపు ఆకాశం చూసినవాళ్లకు, తెల్లారి బకెట్ నీళ్ల మీద నల్లటి పొర తీసి స్నానం చేసేవాళ్లకు, 2,600 మెగావాట్ల థర్మల్ కేంద్రం పక్కన కాపురం ఉండేవాళ్లకు నేను గాలి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈ సీమ ఎముకలను ఎవరు కొలిచారన్నదే అడగాల్సింది.

బాయి లోపలి దుమ్ము ఇంకా వేరు. మన బొగ్గు పొరల పైనా కిందా ఇసుకరాయి. డ్రిల్లు దిగినప్పుడు లేచేది బొగ్గు ఒక్కటే కాదు, సిలికా కూడా. అప్పుడే పగిలిన సిలికా ముక్క అంచులు ఎంత చురుకుగా ఉంటాయో, నీళ్లు తగిలితే రాడికల్స్ ఎలా పుట్టిస్తాయో 1988లో వెస్ట్ వర్జీనియాలోని మోర్గన్‌టౌన్‌లో కొలిచారు. అదీ బొగ్గు సీమే. పాత దుమ్ముకన్నా తాజా దుమ్ము ఎక్కువ హాని చేస్తుందని అక్కడ తేలింది. బాయిలో పనిచేసేవాడు పీల్చేది ఎప్పుడూ తాజాదే. దీర్ఘకాలం దగ్గు, ఆయాసంతో ఉన్నవాళ్లలో ఎముకలు గుల్లబారడం ఎక్కువని ఊపిరితిత్తుల డాక్టర్లకు చాలాకాలంగా తెలుసు. ఛాతీ ఫొటో తీసి పంపేటప్పుడు ఈ రెండో సంగతి మనకెవరూ చెప్పరు.

బీడీ, ఖైనీ, సారా, చక్కెర జబ్బు. ఇవి కూడా కణాల్లో ఆ వేడిని పెంచేవే, వాటి మీద రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఆగను. రాత్రి డ్యూటీల గురించి ఒక్క మాట: అమెరికా నర్సుల మీద 2009లో వచ్చిన అధ్యయనంలో ఇరవై ఏళ్లకు పైగా నైట్ షిఫ్టులు చేసినవాళ్లలో మణికట్టు, తుంటి విరగడం ఎక్కువగా కనిపించింది. వాళ్లు దుమ్ములో పనిచేసేవాళ్లు కారు.

ఆగి చెప్పాల్సింది సూది గురించి. మా గల్లీలో ఒకాయన ఉండేవాడు, నాకు చిన్నాయిన వరస. నలభై నాలుగేళ్లు. మూడో షిఫ్టు దిగి వచ్చాక గజ్జల్లో నొప్పి. కాల్షియం వాడాడు. తగ్గలేదు. ఎవరో చెబితే ఒక సందులో సూది వేసే మనిషి దగ్గరికి పోయాడు. "సూది పడ్డంక గుర్రమోలె ఉరుకుత బిడ్డా" అని నాకే చెప్పాడు, మెట్లెక్కి చూపించాడు కూడా. రెండు వారాలకోసారి, తర్వాత వారానికోసారి. ఆ సూదిలో ఉన్నది స్టెరాయిడ్. దానికి తోడు సాయంత్రం మందు అలవాటు. ఏడాదిన్నరకు కుంటడం మొదలైంది. ఎంఆర్ఐ తీస్తే రెండు తుంటి బంతులూ చచ్చిపోయి ఉన్నాయి. రక్తం అందక ఎముక తల చచ్చిపోవడాన్ని డాక్టర్లు ఏవీఎన్ అంటారు. దెబ్బ తగలకుండా వచ్చే ఏవీఎన్‌కు లోకమంతటా ముందు చెప్పే రెండు కారణాలు స్టెరాయిడ్, మద్యం. స్టెరాయిడ్ ఎముక కణాల్లో ఆక్సీకరణను పెంచి ఆస్టియోబ్లాస్ట్‌లనూ ఆస్టియోసైట్లనూ చంపుతుందని ఎలుకల్లో చూశారు. ప్రాణం నిలిపే జబ్బుల్లో డాక్టర్లు లెక్కగట్టి ఇచ్చే స్టెరాయిడ్ వేరు, సందులో నడుం నొప్పికి పొడిచేది వేరు. ఇదంతా జరుగుతున్న ఏడాదిన్నరా ఆయన జేబులో కాల్షియం షీటు ఉంది. ఆ షీటు ఉండబట్టే మొదటి ఆరు నెలలు ఆయన ఏ ఎముకల డాక్టరు దగ్గరికీ పోలేదు. సున్నం కథ ఏ హానీ చెయ్యని అమాయకపు నమ్మకం అనేవాళ్లకు నా జవాబు ఆ తుంటి.

ఇప్పుడు ఇంకోవైపు నుంచి వచ్చే మాట. "అంతా ఆక్సీకరణే అయితే యాంటీఆక్సిడెంట్ గోలీలు వేసుకుంటే సరి కదా?" పట్నం నుంచి కొత్తగా వస్తున్న డబ్బాలు ఈ మాట మీదే అమ్ముడవుతున్నాయి. రిటైర్మెంట్ డబ్బుల్లోంచి నెలకు రెండు వేలు వీటికి పెడుతున్న ఇళ్లు నాకు తెలుసు. కాల్షియం భ్రమ పోయి దాని స్థానంలో ఇది వస్తే మనం చేసిందేమీ ఉండదు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మంది మీద బీటా కెరోటిన్, విటమిన్ ఇ పరీక్షించి 1994లో ఫలితం చెప్పారు. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. పొగతాగేవాళ్లతోపాటు ఆస్బెస్టాస్ దుమ్ములో పనిచేసిన కార్మికుల మీద అమెరికాలో చేసిన ఇలాంటి పరీక్షను 1996లో మధ్యలోనే ఆపేశారు. అక్కడ పెరుగుదల 28 శాతం. దుమ్ము పీల్చి, బీడీ తాగిన మన కార్మికుడు సరిగ్గా ఆ మనుషుల్లాంటివాడు. ఎముక విషయానికే వస్తే 2012లో జపాన్ శాస్త్రవేత్తలు ఎలుకలకు విటమిన్ ఇ ఎక్కువగా పెట్టి చూశారు. ఎముకను తవ్వే కణాలు ఒకదానితో ఒకటి కలిసి ఇంకా పెద్దవై, ఎముక తగ్గింది.

ఇందులో ఆశ్చర్యం లేదు. ఆక్సిజన్ రాడికల్స్ కణానికి శత్రువులే కాదు, కబురు మోసేవి కూడా. కొద్దిపాటి పెరాక్సైడ్ లేనిదే పాత ఎముకను తవ్వే పనీ సాగదు. నిప్పు వస్తుందని బాయిలో గాలంతా ఆపేస్తే లోపలున్న మనుషులు చచ్చిపోతారు. గాలి ఎక్కడ పోవాలో అక్కడికి పోనిచ్చి, గోఫ్‌లోకి పోకుండా చూడటమే వెంటిలేషన్. ఉసిరి, ఆకుకూర, పండు తినమనడం వేరు, అందులో ఒక్క పదార్థాన్ని పిండి తీసి వందల రెట్లు గోలీగా మింగమనడం వేరు.

మరికొందరంటారు: "ఇప్పుడు తట్ట మోసేదెవరు, యంత్రాలొచ్చినయ్ గదా." వచ్చాయి. కోల్ ఫిల్లర్ వంగి పార పట్టే రోజులు పోయాయి. ఎముకకు మాత్రం ఇందులో లాభం తక్కువే. ఎముక బరువు మోస్తేనే బలపడుతుంది, ఆస్టియోసైట్లు ఆ బరువును పసిగట్టి నింపే ముఠాను పిలుస్తాయి. పాత కార్మికుడికి దుమ్ము ఉన్నా కండా ఉండేది, రోజూ మ్యాన్‌వే ఎక్కి దిగే నడక ఉండేది. ఇప్పటి ఆపరేటర్ ఎనిమిది గంటలు సీట్లో కూచుని, అదుర్లు తిని, దుమ్మూ పీలుస్తున్నాడు.

అందుకే అడగాల్సింది మందుల షాపులో కాదు. గని కార్మికుడికి ఐదేళ్లకోసారి వైద్య పరీక్ష చేయాలని 1955 మైన్స్ రూల్స్ చెప్తున్నాయి. ఛాతీ ఫొటో, ఊపిరి, కళ్లు, చెవులు చూస్తారు. న్యుమోకోనియోసిస్, సిలికోసిస్ గుర్తింపు పొందిన జబ్బులు, వాటికి ఒక లెక్క ఉంది, నష్టపరిహారం ఉంది. ఆ గుర్తింపు ఊరికే రాలేదు, దాని వెనక ఎన్నో దేశాల్లో గని కార్మికుల పోరాటాలున్నాయి. ఎముక మాత్రం ఆ లెక్కలోకి ఇంకా రాలేదు. యాభై దాటిన ప్రతి కార్మికుడికీ, ముట్లాగిన వాళ్ల ఇంటి ఆడవాళ్లకూ డెక్సా తీయాలి. దుమ్ముతో ఊపిరి పాడైందని తేలినవాడికి ఆ రోజే తుంటి, వెన్ను కూడా చూడాలి. రామగుండంలో ఇప్పుడు మెడికల్ కాలేజీ ఉంది. హైదరాబాద్ శివారు పల్లెల్లో చేసిన పనిని బొగ్గు సీమలో చేయగల పిల్లలు అక్కడే చదువుతున్నారు. వేతన ఒప్పందాల్లో పైసా పైసాకు కొట్లాడే యూనియన్లు ఈ ఒక్క పరీక్షను కోరికల పత్రంలో రాయడానికి ఎందుకు ఆలోచించాలి?

యంత్రం వచ్చేదాకా ఆగనక్కర్లేని కొలత కూడా ఒకటుంది. ఎత్తు. వెన్నుపూసలు లోపల్లోపలే నలిగి కుంగితే చాలాసార్లు మనిషికి తెలియదు, నడుం నొప్పి అనుకుంటాడు. పడుచు వయసులో ఉన్న ఎత్తుకన్నా నాలుగు సెంటీమీటర్లకు మించి తగ్గితే వెన్ను ఫొటో తీయించాలని డాక్టర్లు చెప్తారు. పరీక్షకు పోయిన ప్రతిసారీ కార్మికుడి ఎత్తు కాగితం మీద రాస్తూనే ఉన్నారు. పాత కాగితాన్నీ కొత్త కాగితాన్నీ పక్కపక్కన పెడితే చాలు.

మా బాపు కాగితాలు ఇనప పెట్టెలో దస్తీలో కట్టి ఉంటే మొన్న దసరాకు తీశాను. చేరిన ఏడు రాసింది 168 సెంటీమీటర్లు. దిగిపోయే ముందు రాసింది 164. ఆ రెండు అంకెలూ ఇన్నేళ్లు మా ఇంట్లోనే ఉన్నాయి, మేమెవరం చూడలేదు. ఆయనను దర్వాజాకు ఆనించి నిలబెట్టి, తల మీద పుస్తకం పెట్టి, పెన్సిలుతో గీత గీశాను. టేపు పెట్టి చూస్తే 161. "ఎంతచ్చిందిరా?" అని అడిగాడు. చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి ఆ గీతను చూసి, చెయ్యి ఎత్తి, దానికి పైన ఖాళీగా ఉన్న చెక్కను అరచేత్తో ఒకసారి తడిమాడు.